శనివారం రెండున్నరకి లేస్తే... చేప మనదే!
స్విండన్ నుంచి లండన్ బిల్లింగ్స్‌గేట్ మార్కెట్‌కి ఆరుగురి ప్రయాణం

చుట్టూ సముద్రం ఉన్న దేశంలో ఉంటూ మంచి చేప దొరకడం లేదంటే మన ఊళ్లో ఎవరూ నమ్మరు. ఫోన్లో చెబితే 'అదేంట్రా, ఇంగ్లండంటే లంకేగా' అంటారు. లంకే, కాదనం. కానీ మేముండే స్విండన్‌కి సముద్రం ఎటు చూసినా దూరమే. విల్ట్‌షైర్ కౌంటీకి ఏ వైపూ తీరం లేదు. ఒకప్పుడు రైలింజన్లు తయారైన ఊరు ఇది. తర్వాత హోండా కార్ల ఊరు. 2021 జూలైలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఎటు చూసినా గోదాములు కట్టే పనులు. మా అన్నం అక్కడే.

సూపర్‌మార్కెట్లో చేప ఉండదని కాదు. ఉంటుంది. తల ఉండదు, తోలు ఉండదు, ముల్లు ఉండదు. ప్లాస్టిక్ ట్రేలో గులాబీ రంగు ముక్క, పైన సాల్మన్ అని స్టిక్కరు. కన్ను చూడకుండా, చెంప ఎత్తకుండా అది ఎప్పటి చేపో తెలిసేదెలా? పులుసులో తలకాయ ఎవరికి వేసేది? మా ఊళ్లో గోవా వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పుణ్యమా అని వంజరం, కానాగంతలు గడ్డకట్టినవైనా దొరుకుతాయి, ఎండుచేపలకీ లోటు లేదు. చలికాలం అలా గడిపేస్తాం. అయినా రాయిలా బిగిసిన చేప వేరు, ఐసు మీద పడుకోబెట్టిన చేప వేరు కదండీ!

అందుకే రెండు మూడు నెలలకోసారి లండన్‌లోని బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్‌కి వెళ్తుంటాం. మేమంటే ఆరుగురం, అందరం కట్టుబడి పనివాళ్లమే. డిప్లొమా చేసి సూపర్‌వైజర్లుగా తిరిగేవాళ్లం కొందరం, చేత్తో పనిచేసేవాళ్లు కొందరు. కరీంనగర్ అన్న, భీమవరం బావ, సిక్కోలు తమ్ముడు... ఇలా ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. ఇక్కడ రాసేది జూన్‌లో వెళ్లిన ప్రయాణం సంగతి.

జూన్‌లోనే ఎందుకంటే రెండు కారణాలున్నాయి. మొదటిది కరీంనగర్ అన్న పెట్టిన పోరు. 'మిరుగం రోజు చేప తినకపోతే ఎట్లనే?' అని మే నెల నుంచే మొదలుపెట్టాడు. మృగశిర కార్తె ప్రవేశించిన రోజు తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ. ఉబ్బసానికని హైదరాబాద్ నాంపల్లిలో బత్తిని వారు చేప ప్రసాదం ఇచ్చేదీ ఆ రోజే.

రెండో కారణం అసలుది. సిక్కోలు తమ్ముడి భార్య బాలింత. ఇక్కడే ఓ కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. పురుటికి వాళ్లమ్మ రావాల్సింది, రావడం పడలేదు. ఆవిడ ఫోన్లోనే పథ్యం చెబుతోంది. ఆ పథ్యంలో ముఖ్యమైనది సొరపిట్టు. మన తీరంలో బిడ్డకి పాలు పడాలంటే బాలింతకి పాలసొర పెట్టాల్సిందే. స్విండన్‌లో సొర ఎక్కడ? గోవా కొట్లో అడిగాడు, లేదు. ఈ తమ్ముడు మత్స్యకారుల ఇంటి పిల్లాడు. వాళ్ల నాన్న ఇప్పటికీ బోటు మీద వెళ్తాడు. అలాంటి ఇంటి కోడలికి సొర దొరకలేదంటే అతనికి తల కొట్టేసినట్టుంది.

ఎనభై మైళ్లు, రెండు గంటలు

మార్కెట్ మంగళవారం నుంచి శనివారం దాకా ఉంటుంది. తెల్లవారుజామున 5 నుంచి 8.30 వరకు మాత్రమే. ఆది, సోమవారాలు సెలవు. రైలు నమ్ముకుంటే మనం చేరేసరికి ఐసు కరిగి నీళ్లే మిగులుతాయి. కాబట్టి వ్యాను. శుక్రవారం రాత్రి పెందరాళే పడుకుని, రెండున్నరకి లేచి, ఎం4 ఎక్కాం. ఎనభై మైళ్ల పైచిలుకు. ఆ వేళప్పుడు రోడ్డు ఖాళీయే. సైటుకి పొద్దున్నే లేవడం అలవాటైన ఒళ్లు కాబట్టి ఎవరూ గొణగలేదు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. శనివారం మధ్యాహ్నం 12 దాకా లండన్ నడిబొడ్డున కంజెషన్ ఛార్జి పడదు. యూలెజ్ మాత్రం ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. పాత డీజిల్ బండైతే రోజుకి 12 పౌండ్ల 50 పెన్నీలు. మా వ్యాను ఆ లెక్కకి సరిపోయేదే కాబట్టి బతికిపోయాం. డీజిల్ ఖర్చు ఆరుగురం పంచుకుంటాం. చేపలకి తలా పాతిక పౌండ్లు వేసుకుంటాం. ఇంటికి పంపే డబ్బుల్లోంచి ఇది తీయకూడదని మాలో మాకు ఒక కట్టుబాటు. ఓవర్‌టైము డబ్బులే చేపలకి.

థేమ్స్ ఒడ్డు వెంబడి వచ్చి, లైమ్‌హౌస్ సొరంగంలో దూరి బయటపడితే కేనరీ వార్ఫ్. బ్యాంకుల అద్దాల మేడలు ఆకాశాన్ని అంటుతుంటాయి. వాటి కాళ్ల దగ్గర, గోదాములాంటి షెడ్డులో చేపల మార్కెట్! జూన్‌లో ఇక్కడ నాలుగున్నర దాటగానే వెలుగొచ్చేస్తుంది. మేం దిగేసరికి కార్ల పార్కింగు సగం నిండింది. గాలిలో ఆ వాసన తగలగానే తమ్ముడు ఆగి, ఊపిరి బలంగా పీల్చి, 'అన్నా, మా రేవు' అన్నాడు. భీమవరం బావ నవ్వాడు గానీ మేం నవ్వలేదు.

లోపల అడుగు పెడితే...

హాలంతా తెల్ల కోట్లు, తెల్ల థర్మోకోల్ పెట్టెలు, ఐసు. మొత్తం 98 స్టాళ్లు, 30 కొట్లు. నేల ఎప్పుడూ తడే, బూట్లు వేసుకుని వెళ్లండి. మేం ముందు ఆ నేలే చూస్తాం, అలవాటు పోదు కదా. ఇంత నీళ్లు పారే చోట వాలు సరిగా ఇవ్వకపోతే చెరువైపోతుంది. ట్రాలీలు మనల్ని చూసి ఆగవు, మనమే తప్పుకోవాలి. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు. ఆ ట్రాలీల్ని చూశాక అది సబబే అనిపించింది.

ఏడాది పొడవునా దాదాపు 150 రకాల చేపలు వస్తాయంటారు ఇక్కడికి. ఒకచోట స్కాట్లండ్ సాల్మన్ మనిషి చెయ్యంత. పక్కనే కాడ్, హాడాక్. ఇంకోచోట కానాగంతలు, మన వాటికంటే పొడుగు, వీపు మీద నెమలి రంగు చారలు. సీబాస్‌ని చూసి బావ 'ఇది మన పండుగప్పేనండి' అని వాదన. కాదు, జాతి వేరు, రుచి మాత్రం కాస్త దగ్గర. టేకు చేప రెక్కలు, స్క్విడ్, బతికున్న పీతలు, పంజాలకి రబ్బరు కట్టిన లాబ్‌స్టర్లు, తొట్లలో మెలికలు తిరిగే పాము చేపలు. కొన్ని స్టాళ్లలో చందువాలు, రెడ్ స్నాపర్లు, చిలకచేపలు. ఇవి వెచ్చని సముద్రాల చేపలు. కొనేవాళ్లని చూస్తే లోకమంతా అక్కడే ఉంది. చైనా హోటళ్ల వాళ్లు, నైజీరియా అమ్మలు, బంగ్లా కొట్ల వాళ్లు, జమైకా పెద్దాయనలు. మెల్లగా మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. ఇంగ్లండులో ఇంత గట్టిగా అరుచుకునే చోటు ఇంకోటి మేం చూళ్లేదు. సారీలు, థాంక్యూలు గేటు బయటే ఆగిపోతాయి.

అన్నట్టు, ఇంగ్లిషు నిఘంటువుల్లో 'బిల్లింగ్స్‌గేట్' అంటే బూతుల భాష అని అర్థం ఉంది. పాత మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్ల నోటికి జడిసి ఆ మాట పుట్టిందట. మన దగ్గర గయ్యాళితనం గురించి ఎవరైనా సామెత చెబితే ముందు చేపల బజారే గుర్తొస్తుంది కదా! చిత్రమేంటంటే ఇప్పుడు ఇక్కడ స్టాళ్ల వెనక ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. మన విశాఖ ఫిషింగ్ హార్బర్లోనో కాకినాడలోనో పొద్దున్నే నిలబడితే పాట పాడేదీ, బేరం తేల్చేదీ, గంప ఎత్తేదీ ఆడవాళ్లే. మగాడి పని చేపని ఒడ్డుకి తేవడంతో సరి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి దుబాయ్ దేరా మార్కెట్ గుర్తుండే ఉంటుంది. 2017లో దాన్ని వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌కి మార్చేశారు. అక్కడ నాలుగు దిర్హాములిస్తే చేప కోసి, కడిగి చేతిలో పెట్టేవాళ్లు. ఇక్కడ మేం కొనే స్టాళ్లలో ఆ వైభోగం లేదు. చేపని చేపలాగే తీసుకెళ్లాలి.

సొర దొరికిన వైనం

తమ్ముడు ముందు నడుస్తున్నాడు, మేం వెనక. సైటులో మేం చెప్పింది అతను చేస్తాడు, ఇక్కడ మాత్రం అతనే మేస్త్రీ. కన్ను ఉబ్బెత్తుగా, నల్లగా మెరవాలి. లోపలికి దిగి పాలకట్టినట్టుంటే వదిలెయ్. చెంప ఎత్తితే ఎర్రగా ఉండాలి, ఇటుక రంగుకి తిరిగితే పాతది. వేలితో నొక్కితే గుంట పడకూడదు. ఈ మాటలు చెబుతూ పెట్టెలో కానాగంతల్ని ఒక్కోటీ తీసి రెండు కుప్పలు చేశాడు. స్టాలు యజమాని, అరవై దాటిన తెల్లాయన, ముందు కసిరాడు. ఆనక కుప్పలవంక చూసి ఊరుకున్నాడు. తమ్ముడు తీసి పక్కన పెట్టినవి నిజంగానే నిన్నటివి.

సొర గురించి అడిగితే 'షార్కా? లేదు' అన్నాడా పెద్దాయన. మూడు స్టాళ్లు తిరిగినా అదే మాట. అప్పుడు ఓ మూల తోలు వలిచిన పొడుగాటి చేపలు కనిపించాయి. గులాబీ రంగు, తల లేదు. పైన 'హస్' అని రాసుంది. అక్కడ పనిచేసే శ్రీలంక తమిళాయన 'అన్నా, ఇది ఇక్కడ చిప్స్ కొట్లలో రాక్ సాల్మన్ అని అమ్ముతారు' అన్నాడు. సాల్మనూ కాదు, రాయీ కాదు. తమ్ముడు తోక దగ్గర గోరుతో గిచ్చి చూశాడు. ముల్లు లేదు, నడుమ మెత్తటి కచ్చెముక ఒక్కటే. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సొర పాతబడితే అమ్మోనియా వాసన కొడుతుంది, దీనికి లేదు. 'ఇది సొర పిల్లే అన్నా, చిన్న జాతి' అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూడాలి మీరు! ఈ దేశం వాళ్లు పేరు మార్చి, తోలు తీసి, తల కొట్టేసినా పట్టేశాడు.

ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. పెద్ద సొరల్లో పాదరసం ఉంటుంది కాబట్టి గర్భిణులు సొర అసలు తినకూడదనీ, మిగతా పెద్దవాళ్లు, బాలింతలతో సహా, వారానికి ఒకసారికి మించి తినొద్దనీ ఎన్‌హెచ్‌ఎస్ సలహా. హస్ లాంటి చిన్న జాతిని కూడా గర్భిణులూ బాలింతలూ మితంగానే తినాలంటారు. తమ్ముడి భార్య ఇంటికొచ్చే హెల్త్ విజిటర్‌ని ముందే అడిగి పెట్టుకుంది. వాళ్లమ్మ రోజూ పెట్టమంది, నర్సమ్మ వారానికి ఒకసారి అంది. నర్సమ్మ మాటే నెగ్గింది.

తిరిగి కానాగంతల స్టాలుకి వస్తే ఆ పెద్దాయన తమ్ముణ్ని పక్కకి పిలిచాడు. ఎక్కడ నేర్చుకున్నావు, శనివారాలు పనికి వస్తావా అని అడిగాడు. నాలుగు గంటల పని, చేతికి డబ్బు, పైగా పుట్టి పెరిగిన విద్య. తమ్ముడు మా వంక చూశాడు. మేం తల అడ్డంగా ఊపాం. వీసా ఒక కంపెనీకి ముడిపడి ఉంది. దాని షరతులు చూసుకోకుండా రెండో పని ఒప్పుకుంటే మొదటిదీ పోతుంది, ఆ వీసా మీదే ఉన్న కుటుంబం గతీ అంతే. పైగా 2025 జూలై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి డిగ్రీ స్థాయి పని ఉండాలన్నారు, జీతం హద్దు 41,700 పౌండ్లు చేశారు. మాలాంటి డిప్లొమా వాళ్లకే గుండెల్లో రాయి పడింది. అతను 'సారీ అంకుల్' అన్నాడు. పెద్దాయనకి ఏం అర్థమైందో తెలీదు, తూకంలో రెండు చేపలు ఎక్కువేశాడు.

మన రొయ్య, వాళ్ల చట్టం

ఫ్రోజెన్ కొట్లో రొయ్యల పెట్టెలు గోడలా పేర్చి ఉన్నాయి. బావ ఒక పెట్టె తిప్పి చదివి 'ఆంధ్రప్రదేశ్!' అని కేక పెట్టాడు. వాళ్లది చెరువుల ప్రాంతం కదా, చుట్టమొచ్చినంత సంబరం. దేశంలో రొయ్యల పెంపకంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. 1990ల్లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యని తుడిచిపెట్టి ఎందరినో అప్పుల్లో ముంచింది. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ లేచాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు బావ ఇంట్లో ఫోన్లన్నీ ఆ సంగతే. దానికి నెల ముందు, జూలై 24న, భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మన రొయ్య మీద ఇక్కడి సుంకం ఎత్తేయాలన్నది అందులో ఒక మాట. అంతా విని కరీంనగర్ అన్న 'మరి కొందామా?' అన్నాడు. బావ పెట్టె కింద పెట్టేశాడు. 'ఊరికెళ్తే చెరువు గట్టున తింటాను గానీ, ఐసు గడ్డకి పౌండ్లిస్తానాండి?'

ఓ స్టాలులో కాకిల్స్ అనే గుల్లలు సంచుల్లో పోసి ఉన్నాయి. వాటిని చూస్తే మాకు నోరూరదు. 2004 ఫిబ్రవరి 5 రాత్రి మోర్‌కాంబ్ బేలో ఈ గుల్లలు ఏరుతూ చైనా నుంచి వచ్చిన కూలీలు, కనీసం 21 మంది, పోటు నీళ్లలో మునిగి చనిపోయారు. దారి తెలీదు, భాష రాదు, పనిలో పెట్టినవాడికి పట్టదు. ఆ ఏడాదే పనివాళ్లని సరఫరా చేసేవాళ్లకి లైసెన్సు ఉండాలని చట్టం చేశారు. గుల్లలు ఏరే పని, వ్యవసాయం, ఫుడ్ ప్యాకింగ్ అందులోకి వచ్చాయి. కట్టుబడి పనిని చేర్చలేదు. ఎందుకు చేర్చలేదో మాకు ఇప్పటికీ అర్థం కాదు. మా సైట్ల మీదా భాష రాని కుర్రాళ్లున్నారు, మధ్యవర్తులున్నారు.

ఇంకెన్నాళ్లు?

ఈ మార్కెట్ మొదట్నుంచీ ఇక్కడ లేదు. 1699 నాటి చట్టంతో స్వేచ్ఛగా చేపలమ్ముకునే బజారైంది. 1870ల్లో హోరేస్ జోన్స్ కట్టిన భవనం ఇప్పటికీ థేమ్స్ ఒడ్డున ఉంది. టవర్ బ్రిడ్జి నమూనా గీసిందీ ఆయనే. 1982లో మార్కెట్ ఈ పాప్లర్ షెడ్డుకి మారింది. పాత మార్కెట్ హమాలీలు గట్టి తోలు టోపీ పెట్టుకుని దాని మీద పెట్టెలు పేర్చుకుని మోసేవాళ్లు. మనకి చుట్టకుదురు ఎలాగో వాళ్లకి ఆ టోపీ అలాగ. ఆ హమాలీలకి నగరం ఇచ్చే లైసెన్సులు ఉండేవి, బిళ్లలుండేవి. 2012లో అవీ తీసేశారు.

ఇప్పుడు మార్కెట్ వంతు వచ్చింది. దీన్ని నడిపే సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ ముందు డేగనమ్‌కి తరలిస్తామంది, ఖర్చు పెరిగిపోయిందని 2024 నవంబరులో ఆ పథకం వదిలేసింది. కనీసం 2028 దాకా వ్యాపారులు ఇక్కడే ఉండొచ్చని అప్పుడే చెప్పింది. ఈ స్థలంలో ఇళ్లు కట్టాలన్నది ఆలోచన. పక్కనున్న అద్దాల మేడల్ని చూస్తే ఈ నేల ఖరీదు ఎంతుంటుందో మాకు వేరే చెప్పక్కర్లేదు. రేపు ఇక్కడ పునాది తవ్వే పనికి మమ్మల్నే పిలిచినా పిలవొచ్చు. కూలి దొరికితే వస్తాం, రాక ఏం చేస్తాం? కానీ కానాగంతల పెద్దాయన స్టాలు ఏ పిల్లరు దగ్గరుందో మాత్రం గుర్తుంటుంది.

ఎనిమిదిన్నరకి అమ్మకాలు ముగిసే వేళ ధరలు కాస్త దిగుతాయి. మేం అప్పటిదాకా ఆగలేదు. రెండు పెట్టెల కానాగంతలు, నాలుగు సీబాస్‌లు, ఒక టేకు రెక్క, మూడు కిలోల హస్. కొర్రమట్ట దొరకలేదని కరీంనగర్ అన్నకి కొంచెం వెలితి. పది దాటేసరికి స్విండన్ చేరి, పెరట్లో పాత ప్లైవుడ్ ముక్క పరిచి కోయడం మొదలుపెట్టాం. ఇక్కడ ఒక చిట్కా: పొలుసు, పేగులు కవర్లో గట్టిగా కట్టి ఫ్రీజర్లో పెట్టాలి, చెత్తబండి వచ్చే రోజునే బయటికి తీయాలి. లేదంటే పక్కింటివాళ్లతో మాట పడాలి.

తమ్ముడి వంటింట్లో ఫోను పొయ్యి పక్కన నిలబెట్టారు. అత్తగారు అక్కడి నుంచే చెబుతున్నారు. ఉప్పు, పసుపు వేసి ఉడకబెట్టు నాయనా, నీళ్లు పిండెయ్, చేత్తో పొడి చెయ్, ఉల్లిపాయ, పచ్చిమిరప, అల్లం వెల్లుల్లి బాగా వేగాకే వెయ్. వెనకాల వాళ్ల నాన్న గొంతు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఇంట్లోనే ఉన్నారు, వలలు బాగు చేసుకుంటున్నారట. 'ఆ సొర ఎలాగుంది, ఓసారి సూపించు' అన్నారు. తమ్ముడు తోలు తీసిన ముక్క ఒకటి ఫోను ముందు పెట్టాడు. ఆయన చాలాసేపు చూసి 'పిల్ల సొర. ఎంతకిచ్చాడు?' అన్నారు. పౌండ్లని రూపాయల్లోకి మార్చి చెప్పగానే లైను అవతల కాసేపు మాట లేదు.

మళ్లీ సెప్టెంబరులో వెళ్తాం. వ్యానులో ఇంకో ఇద్దరికి చోటుంది. ఐసు పెట్టె మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.